అడిగినంత కరెంటు

నికెలమ్మకు కళ్ళు పోయాయన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పూర్తిగా పోలేదులెండి. తిన్నగా చూసినచోట బూడిదరంగు మచ్చ, దాని చుట్టూ మాత్రం అంతా మామూలే. తలుపు కనబడుతుంది, గొళ్ళెం కనబడదు. మనిషి వస్తున్నట్టు తెలుస్తుంది, మొహం తెలియదు. కళ్ళ డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్ళి చూపించుకుంది. "ఇది శుక్లం కాదమ్మా, కోసి తీసెయ్యడానికి. కంటి వెనక పొర అరిగిపోయింది. ఉన్నది కాపాడుకోవాలి గానీ పోయింది తిరిగి రాదు" అన్నాడాయన. "సరేనండీ" అని లేచి ఇంటికొచ్చింది. ఎక్కడికెళ్ళావంటే తలనొప్పికి మందు తెచ్చుకోవడానికంది.

ఎందుకు దాచిందంటారా? ఆవిడ సంగతి తెలిస్తే ఆ ప్రశ్న అడగరు. పూత పూసే తొట్టి దగ్గర నిలబడినంతసేపే తను మనిషినని ఆవిడ లెక్క. చూపు లేదని తెలిసిన మర్నాడే కొడుకూ కోడలూ కలిసి గుమ్మం పక్కన కుర్చీ వేసి కూర్చోబెడతారు. "ఇన్నాళ్ళూ కష్టపడ్డారు, ఇంక విశ్రాంతి తీసుకోండి" అంటారు. ఆ మాట చెవిన పడే కంటే తొట్టిలో దూకడం నయమని ఆవిడ ఎప్పుడో తీర్మానించుకుంది. ఒకసారి తీర్మానించుకుందంటే ఇక దేవుడు దిగొచ్చినా అంతే. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఇంటి వెనకున్న రేకుల షెడ్డులో ఆవిడ ఇనప సామాన్లకు నికెల్ పూత పూస్తుంది. తలుపు పిడులు, కుళాయి తలలు, సైకిలు బెల్లుల టోపీలు, ఏదొస్తే అది. అందుకే ఆ వీధిలో అసలు పేరు పోయి నికెలమ్మ మిగిలింది. షెడ్డు మూల తుప్పు వదలగొట్టే యాసిడు తొట్టి, మధ్యలో ఆకుపచ్చ నీళ్ళ తొట్టి. దాని మీద అడ్డంగా ఇత్తడి కడ్డీ, కడ్డీకి రాగితీగలతో వేలాడే సరుకు, రెండు పక్కలా నికెల్ పలకలు. గోడలోంచి వచ్చే కరెంటు ముందుకీ వెనక్కీ ఊగే రకం, దానితో పూత అంటదు. ఒకేవైపు నడిచే కరెంటు కావాలి. ఆ పని చెయ్యడానికో ఇనప పెట్టె ఉంది. అందులో ట్రాన్స్‌ఫార్మరు వోల్టులు తగ్గిస్తుంది, డయోడ్లు కరెంటును ఒకేవైపుకు మళ్ళిస్తాయి. అక్కడిదాకా తేలికే. ఎంత కరెంటు పోవాలన్నదే అసలు విద్య. తక్కువైతే పూత చచ్చినట్టు మసగ్గా వస్తుంది. ఎక్కువైతే అంచులు నల్లగా మాడి పొలుసులు లేస్తాయి. పొయ్యి మీద మంట లాంటిదే అనుకోండి.

ఆ మంట ఎంతుందో చెప్పేది పెట్టె మీద మీటరు ముల్లు. ఆ ముల్లే ఆవిడకు కనబడదు. తొట్టి దగ్గర నిలబడి తల కాస్త వంచి, ఏదో పరధ్యానంలో ఉన్నట్టు మొహం పెట్టి, ట్రాన్స్‌ఫార్మరు మూలుగు వినేది. కరెంటు పెరిగితే మూలుగు లావవుతుంది, తగ్గితే సన్నబడుతుంది. ముప్ఫయ్యేళ్ళు ఒక చెవి దానికి అప్పజెప్పిన మనిషికి ఆ తేడా తెలియకేం? వినడం, పెట్టె మీది స్విచ్చి ఒక మెట్టు ఎక్కించడమో దించడమో చెయ్యడం. కోడలు చూసి "మా అత్తయ్య మీటరు వంక చూడనైనా చూడరు" అని ఊరంతా మెచ్చుకునేది. పాపం, చూడలేదని దానికేం తెలుసు?

అంతా బాగానే ఉండేది, పక్క షెడ్డాయన కొత్త గ్రైండరు కొనకపోతే. అది మొదలెట్టిందంటే ఎదుటి మనిషి మాటే వినబడదు, ఇంక మూలుగేం వినబడుతుంది? గ్రైండరు ఆడిన రోజల్లా ఇక్కడ సరుకు పాడవడం మొదలైంది. ఓ రోజు మసక, ఓ రోజు మాడు.

"పెట్టె ముసలిదైపోయిందత్తయ్యా" అంది కోడలు, మాడిన పిడులు బుట్టలో పడేస్తూ. కొడుకు సరుకుల వ్యాను మీద పొద్దున పోతే చీకటిపడ్డాక గానీ రాడు. షెడ్డు వ్యవహారమంతా ఈ ఇద్దరిదే. కోడలు చురుకైన మనిషి. చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే చురుకు. "లైన్లో వోల్టేజీ కాస్త ఊగితే చాలు, ఇదీ ఊగుతుంది. ఇప్పుడు కొత్తవొచ్చాయి. ఎంత కరెంటు కావాలో చెప్తే, కిందా మీదా పడి అంతే ఇస్తాయట. బాబాయ్ చెప్పాడు."

"వాడికేం పని? కందకు లేని దురద కత్తిపీటకెందుకూ!" అంది నికెలమ్మ. "పెట్టెకేం కాలేదు. గుండ్రాయిలా ఉంది."

"గుండ్రాయైతే ఈ పిడులెందుకు మాడాయి?"

 నికెలమ్మ దగ్గరున్న జవాబు చెప్పేది కాదు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు గానీ, ఆ పూట ఆవిడ తన మీది కోపమంతా బుట్ట మీద చూపించింది. కాలితో తన్నితే పిడులన్నీ దొర్లిపోయాయి. వాటిని ఏరడానికి వంగితే ఒకటీ కనబడలేదు. నడుం పట్టేసిందని సాకు చెప్పి లేచి వెళ్ళిపోయింది.

బాబాయ్ అంటే నికెలమ్మ తమ్ముడు. రెండు వీధుల అవతల మోటార్లకు తీగలు చుట్టే కొట్టు అతనిది. అందరూ వైండరనే అంటారు. అక్కంటే ప్రాణం, అక్క నోరంటే హడలు. నాలుగో రోజుకల్లా కొత్త పెట్టె చంకన పెట్టుకుని దిగాడు.

"ఇదేమిట్రా, చంకలో ఇమిడిపోయింది? తొట్టికి కరెంటిస్తుందా, దోమలు తోలుతుందా?"

"నీ పాత పెట్టె మోసీ మోసీ నా నడుం విరిగిందక్కా. ఇది ఒట్టి గాలి. కానీ పని చూడు." పాతదాని తీగలు విప్పి దీనికి బిగించాడు. కోడలు పక్కనే నిలబడి చూస్తోంది. "ఇటు చూడమ్మా. బయటికి పోయే దారిలో ఓ చిన్న లోహపు పట్టీ ఉంటుంది. పోయే కరెంటంతా దాని మీంచే పోవాలి. అక్కడ ఎంత పోతోందో ఇదే కొలుచుకుంటుంది. ఎక్కువైతే తనే వెనక్కి తగ్గుతుంది, తక్కువైతే తనే ముందుకు తోస్తుంది. ఈ తిప్పే గుండీల్లో కుడిది కరెంటుకి. ఎడమది వోల్టులు ఎక్కడిదాకా పోవచ్చో చెప్పే హద్దు. దాన్ని ముట్టుకోకండి, చాలు. కుడిది అరవై దగ్గర పెడితే ఇక అరవయ్యే, ప్రళయం వచ్చినా సరే."

"మరి పాతది?"

"పాతది వోల్టులిచ్చి ఊరుకునేది. కరెంటెంత తాగాలో సరుకే తేల్చుకునేది. ఇది అలా కాదు, మనం చెప్పిందే."

కోడలు తలూపింది. బాగా అర్థమైనవాళ్ళు ఊపినట్టే ఊపింది. ఆ ఆఖరి మాట ఎంత పెద్దదో అప్పుడు దానికీ తట్టలేదు, చెప్పినవాడికీ తట్టలేదు.

స్విచ్చి వేశారు. నికెలమ్మ అలవాటుగా తల వంచింది. మూలుగు లేదు. చిన్న ఫ్యాను గుర్రుమంటోంది, అంతే. తమ్ముడు గుండీ అటూ ఇటూ తిప్పి చూపిస్తున్నాడు, "చూశావా పదికి తెచ్చా, చూశావా యాభై" అంటున్నాడు. ఫ్యాను పదికీ అదే గుర్రు, యాభైకీ అదే గుర్రు. మీటరుకు ముల్లు కూడా లేదు, ఎర్రగా వెలిగే అంకెలట. ఎక్కడ వెలుగుతున్నాయో దేవుడికెరుక. ఆవిడకు నిలువునా భయమేసింది. చీకటి గదిలోకి నెట్టి గడియ పెట్టినట్టయింది. పైకి మాత్రం, "బాగుందిరా, కాఫీ తాగి పో" అంది. పాత పెట్టెను తమ్ముడు రాగి కోసం విప్పేస్తానని తోపుడుబండి మీద పట్టుకుపోయాడు.

చిత్రమేమిటంటే, మొదటి వారం సరుకు అద్దంలా వచ్చింది. కడ్డీ నిండా బెల్లుల టోపీలు వేలాడదీయడం, కోడలు పొద్దున్నే గుండీ అరవై దగ్గర పెట్టడం, సాయంత్రందాకా అలాగే వదిలెయ్యడం. గ్రైండరు అరిస్తే అరవనీ, వోల్టేజీ ఊగితే ఊగనీ. నికెలమ్మ చెయ్యాల్సిందల్లా సరుకు తగిలించి, టైము కాగానే తీసి కడగడం. అది చేతివేళ్ళ పని, కళ్ళతో పనే లేదు. ఈ పెట్టె నా పాలిట దేవుడై వచ్చిందేమోనని కూడా అనుకుంది. రాత్రి అన్నం తినేటప్పుడు కొడుకుతో, "మీ మామ తెచ్చిన పెట్టె ఫర్వాలేదురా" అంది. ఆ నోట ఫర్వాలేదన్న మాట రావడమంటే సామాన్యం కాదని కొడుకు నవ్వాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం బెల్లుల యజమాని ఊడిపడ్డాడు. ఎప్పుడూ కాళ్ళ కింద నిప్పులున్నట్టుండే మనిషి. కడ్డీ నిండా ఆయన టోపీలే వేలాడుతున్నాయి. అందులో సగం పొద్దున ముందుగా వేసినవి, పూత పూర్తికావచ్చింది. వాటి పక్కనున్న కుళాయి తలలు ఒక్కొక్కటే తీస్తూ, ఆ చోట తక్కినవి అప్పుడే వేశారు.

"అయినవి ఇచ్చెయ్యమ్మా, తక్కినవి సాయంత్రం తీసుకుంటా. అవతల బెల్లులు బిగించేవాళ్ళు ఖాళీగా కూర్చున్నారు" అన్నాడు.

ఇలా సగం తీసివ్వడం ఆ షెడ్డులో కొత్తేం కాదు, ఎన్నోసార్లు చేసిందే. కోడలు గబగబా ముందు వేసిన టోపీలు తీసి, కడిగి, తుడిచి బుట్టకెత్తింది. "అత్తయ్యా, ఇవి ఆయన బండి దాకా ఇచ్చొస్తాను, ఇది కాస్త చూస్తూ ఉండండి" అని బయటికెళ్ళింది.

చూస్తూ ఉండండి! ఎంత తేలిగ్గా అనేసింది! నికెలమ్మ తొట్టి పక్కన నిలబడింది. కాసేపయ్యాక తొట్టిలోంచి సన్నగా చుయ్యిమని చప్పుడు. సరుకు చుట్టూ బుడగలు ఎక్కువగా లేస్తే వచ్చే చప్పుడది. ఆవిడ తల అటు వంచింది, ఇటు వంచింది. మంట ఎక్కువైందా? ఈ పెట్టె అలా చెయ్యదన్నాడు కదా వాడు, ప్రళయం వచ్చినా మారదన్నాడు కదా! పక్క షెడ్డులో గ్రైండరు మొదలైంది. చుయ్యిమంటోందో, చెవే హోరుమంటోందో తేలలేదు. కోడలిని కేకేస్తే? ఏమని? అంకెలు కనబడట్లేదు వచ్చి చూడమనా?

వెళ్ళి పెట్టె మీద చెయ్యి పెట్టింది. రెండు గుండీలు తగిలాయి. కుడిదా, ఎడమదా? వాడు తన కుడి అన్నాడా, పెట్టె కుడి అన్నాడా? ఒకటి పట్టుకుని కొంచెం తిప్పింది. తగ్గించే వైపో, పెంచే వైపో. చుయ్యిమంటూనే ఉంది. భయపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదీ. అలాగే నిలబడిపోయింది, కోడలు వచ్చేదాకా.

కోడలు వచ్చీరాగానే, "అయ్యో!" అని స్విచ్చి ఆపేసింది. ఒక టోపీ పైకి లాగి వెలుతురుకు పట్టింది. నికెలమ్మ చెయ్యి చాచి ఆ టోపీ అందుకుని అంచు మీద వేలు పోనిచ్చింది. గరగర. మాడిన అన్నంలా గరగర. వేలికి పొలుసులు అంటుకున్నాయి. కడ్డీ మీద ఉన్నవన్నీ అంతే.

కోడలు పెట్టె వంక చూస్తూ కదలకుండా నిలబడిపోయింది. ఆ నిశ్శబ్దం నికెలమ్మకు అర్థమైంది, లేదా అర్థమైందనుకుంది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే మరి. ఎవరూ ఏమీ అనకముందే ఆవిడ నోటి వెంట వచ్చేసింది.

"నేనే తిప్పానే. నాకు కనబడదు."

"ఏం కనబడదు?"

"అంకెలు కనబడవు. ముల్లూ కనబడేది కాదు. నీ మొహం కూడా కనబడదు. రెండేళ్ళయింది. మూలుగు విని నెట్టుకొచ్చాను. ఇది మూలగదు. ఏదో చుయ్యిమంటే ఏ గుండీయో తిప్పాను. నేనే మాడ్చాను."

అనేశాక చెయ్యి చాచి తొట్టి అంచు పట్టుకుంది. కోడలు పెట్టె దగ్గరికి వెళ్ళి, వంగి, రెండు గుండీలూ చూసింది.

"మీరు తిప్పింది ఎడమదత్తయ్యా" అంది.  "వోల్టుల హద్దు. అదీ కాస్త పైకే తిప్పారు. దానివల్ల ఏమీ కాదు. కరెంటు అరవై దగ్గరే ఉంది, నేను పొద్దున పెట్టినచోటే."

"మరి?"

"నేనే మాడ్చాను. పాతదైతే సగం సరుకు తీస్తే కరెంటూ సగమయ్యేది. సరుకే తేల్చుకునేదని బాబాయ్ చెప్పాడుగా. ఇది తేల్చుకోదు. కడ్డీ నిండా ఉన్నప్పుడు అరవై అన్నాను, సగం తీసేసినా అరవయ్యే తోసింది. అందరి వాటా వీటి నెత్తినే పడింది. తీసేటప్పుడు గుండీ తిప్పాలని నాకు తట్టలేదు." ముక్కు ఎగబీల్చింది. "విన్నాను, తలూపాను. బుర్రకెక్కలేదు."

 నికెలమ్మకు ఒళ్ళు మండింది.

"అయితే నేను నోరు మూసుకునుంటే సరిపోయేదన్నమాట!"

"సరిపోయేది."

"రెండేళ్ళు దాచానే! నీ తప్పుకి నేను నోరు జారానే, పాపిష్టిదానా!"

ఆవిడకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండిట్లో ఏది ముందు పోనివ్వాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది. కోడలు నవ్వలేదు. ఏడవనూ లేదు. దానికి కోపం వస్తోంది, మెల్లగా, కిందినుంచి.

"రెండేళ్ళా? రెండేళ్ళనుంచి కళ్ళు కనబడకుండా ఆ యాసిడు తొట్టి చుట్టూ తిరుగుతున్నారా? నిన్న గాక మొన్న దాన్నిండా పోశారు మీ చేత్తో! ఏదైనా అయుంటే మీ అబ్బాయికి నేనేం చెప్పుకునేదాన్ని? నాకేం చెప్పుకునేదాన్ని?" అరుస్తోంది. గ్రైండరుకు పోటీగా అరుస్తోంది. "ఇక యాసిడు వైపు అడుగుపెట్టారో, చూడండి మరి. పొయ్యడం నేనే, ముంచడం నేనే. ఆయనకీ ఇవాళే చెప్తాను."

"వాడికి చెప్పకే."

"చెప్తాను. బతిమాలినా చెప్తాను."

చెబుతుంది. నికెలమ్మకు తెలుసు, ఇదీ తనలాంటి మొండిదే. రెండేళ్ళుగా ఏ మాటకు భయపడిందో ఆ మాట ఇప్పుడు రావాలి కదా, తనే అడిగేస్తే పోతుందనుకుంది.

"అయితే కుర్చీ వేస్తారా గుమ్మం దగ్గర?"

కోడలు మాడిన టోపీలు ఒక్కొక్కటే విప్పి పక్కన పెడుతోంది. వాటి పూత ఊడదీసి, మళ్ళీ రుద్ది, మళ్ళీ వెయ్యాలి. సాయంత్రానికి యజమాని వస్తాడు.

"కూర్చోబెడితే వీటికి ఎంత పెట్టాలో ఎవరు చెప్తారు?" అంది. "నాకు కడ్డీ నిండుగా ఉంటే అరవై అని మాత్రం తెలుసు, అదీ పాత పెట్టె మీద మీరు పెట్టేది చూసి నేర్చుకున్నదే. సగానికెంత, పిడులు పది వస్తే ఎంత, కుళాయి తలలూ టోపీలూ కలిపి వేస్తే ఎంత? ఈ పెట్టె అడిగినంత ఇస్తుంది. ఎంతడగాలో దానికి తెలీదు. నాకూ తెలీదు."

యాసిడు పనీ, పూత ఊడదీయడమూ కోడలే చేసింది. నికెలమ్మ దూరంగా పీట మీద కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఆ కాస్సేపూ ఆవిడకు నరకంగానే ఉంది, అబద్ధమెందుకు. రుద్దిన టోపీలు నీళ్ళలో జాడించి కోడలు ఒళ్ళో పోస్తే, ఒక్కొక్కటీ తడిమి తీగ కట్టి ఇచ్చింది. తడుముతూనే వెడల్పు, లోతు, అంచు వంపు అన్నీ చూసుకుంది. కడ్డీకి ఎన్ని పట్టాయో వేలు పెట్టి లెక్కించింది.

"ఎంత పెట్టమంటారు?" అంది కోడలు, గుండీ మీద చెయ్యి వేసి.

"ముందు ఇరవై. కాస్త అంటుకున్నాక ముప్ఫైకి తే. ఎకాయెకిన పెంచకు."

కోడలు తిప్పింది. ఫ్యాను గుర్రుమంది. నికెలమ్మ తొట్టి పక్కన తన చోట నిలబడింది. తల వంచలేదు, వంచినా లాభం లేదు. ఎరుపు వెలుగు ఎక్కడో ఉంది, ఆవిడ వేలికీ అందదు, చెవికీ అందదు.  అడగందే అమ్మైనా పెట్టదని పిల్లలకు చెప్పిన మనిషి, తను మాత్రం ఎవరినీ ఏమీ అడిగి ఎరగదు. కోడలున్న వైపు తిరిగింది. 

"ఎంతుందే?"

"ఇరవై ఉందత్తయ్యా."

కాసేపాగి మళ్ళీ అడిగింది. "ఇప్పుడు?"

"ఇరవయ్యే."

"ఇలా గడియగడియకీ అడుగుతుంటాను. విసుక్కోవుగా?"

"విసుక్కుంటాను" అంది కోడలు. "విసుక్కుంటూనే చెప్తాను. ముప్ఫైకి తెమ్మంటారా?"